మూడో పాటలో చిటికె

జూన్ 4

ఒరే నత్తా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని కోపం తెచ్చుకున్నావట, మా అమ్మాయి చెప్పింది. ఎత్తి ఏం చెయ్యనురా? అవతల నువ్వు మాట్లాడుతున్నావో, గుడ్డ చింపుతున్నావో తెలియడం లేదు. మొన్న నువ్వేదో అడిగితే "ఆ, తిన్నాను" అన్నాను. నువ్వు అడిగింది మా ఇంటి కప్పు కారుతోందా అనట. అందుకే ఇకనుంచి ఉత్తరాలే. కాగితమైతే పదిసార్లు చదువుకోవచ్చు. "ఏంటీ, ఏంటీ" అని ఎవరినీ విసిగించక్కర్లేదు.

అమ్మాయి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నాడు. నేను మర్యాద కోసం మధ్యమధ్యలో ఎత్తాను. నేను ఎత్తినప్పుడు చాలాసార్లు అక్కడ శబ్దమే లేదట. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది ఈ ఏడాది చివరిదాకా ఉంటే గొప్పేనన్నాడు. నూలు మిల్లులో ముప్పై రెండేళ్ళు ఆ మిషన్ల మధ్య నిలబడిన చెవులు ఇన్నాళ్ళు ఉండటమే ఎక్కువట. చెవి మిషను పెట్టుకుంటానంటే, లోపల నరమే చచ్చిపోతుంటే మిషను ఏం చేస్తుందన్నాడు. పాటంటే చెవి కోసుకునేదాన్ని కదా, ఇప్పుడు నిజంగా కోసుకున్నా నష్టం లేదు.

నవ్వుకో, ఫరవాలేదు. నేనూ నవ్వాను. ముందు కాసేపు ఏడ్చాననుకో.

ఇప్పుడు నీకో పని. మన పడవ రికార్డు కావాలి. సినిమా పేరు ఎవరికీ గుర్తులేదు గాని, అట్ట మీద పడవ, పడవలో గొడుగు పట్టుకున్న అమ్మాయి. అటు మూడు, ఇటు మూడు, ఆరు పాటలు. సినిమా వారం కూడా ఆడలేదు. పాటలు మాత్రం మన ఇంట్లో రోజూ ఆడాయి. అమ్మ ఇల్లు తుడుస్తూ రెండో పాట, నాన్న గడ్డం గీసుకుంటూ అయిదో పాట. ఎడమ చెవి ఉండగానే అవన్నీ ఒక్కసారి వినాలిరా. ముఖ్యంగా మూడో పాటలో మూడో చరణం. అందులో ఆ ఒక్క లైను నేనింతవరకు విననే లేదు. మాటలు తెలుసు, ఎలా పాడారో తెలియదు. అమ్మాయి ఫోన్లో వెతికితే ఆ సినిమావి రెండు పాటలే దొరికాయి, ఇది లేదు. అయినా ఫోన్లో పాట నాకు దోమ మూలిగినట్టు వినిపిస్తుంది. రికార్డయితే పక్కింటి వాళ్ళ పాత ప్లేయరు ఉంది. చెక్కపెట్టెకి చెవి ఆనించి వింటాను. మీ ఊళ్ళో పాత సామాన్ల బజారు పెద్దది కదా, వెతుకు.

నేను టైఫాయిడ్‌తో ఇరవై ఒక్క రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? నాన్న ముందురోజే రికార్డు తెచ్చి, అక్క వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అల్మారా పైన పెట్టాడు. పదేళ్ళవాడివి. పాటంటే తిండి మానేసే వాడివి. అయినా ఒక రోజంతా ఆగావు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, "ముల్లు నువ్వే పెట్టక్కా, మూడో పాట పెట్టు, అది బాగుంటుంది" అన్నావు. మొదటి వంతు వదులుకుని నాకిచ్చినవాడివి నువ్వొక్కడివే. నీరసపు చేత్తో ముల్లు జార్చి గీత పెట్టింది నేనే, అది నా ఖర్మ. నువ్వు ఆగిన సంగతి మాత్రం నేను మర్చిపోలేదు.

మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

నీ చిటికె
(నువ్వు కూడా ఆ పేరుతో పిలవడం మానేశావు)


జూన్ 17

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పనిలో చెయ్యి ఆడలేదు. చెవికి ఇంకో డాక్టరు ఉన్నాడేమో కనుక్కుంటాను.

ఇక్కడ అంతా మామూలే. చెప్పుల దుకాణం పక్కన మెట్లెక్కి రావాలి కాబట్టి మోకాళ్ళు బాగున్నవాళ్ళే నా దగ్గర కళ్ళజోళ్ళు చేయించుకుంటున్నారు. మీ మరదలు మెట్లెక్కి ఏడాదయింది. నిన్న ఒక లెక్కల మాస్టారు జోడు తీసుకుని, పెట్టుకుని, బాగుందని వెళ్ళిపోబోతుంటే నేనే ఆపి వెనక్కి తీసుకున్నాను. కుడి అద్దం మీద వెంట్రుకంత గీత. ఆయనకి కనపడటం లేదు, భూతద్దం పెట్టి చూపించినా కనపడలేదు. నాకేం ఇబ్బంది లేదయ్యా అన్నాడు. ఉందని నాకు తెలిశాక ఎలా ఇస్తాను? మళ్ళీ కొత్త అద్దం చెక్కి ఇచ్చాను.

రికార్డు సంగతి. వెతుకుతాను గాని, ఆశ పెట్టుకోకు. పాత రికార్డులు అమ్మేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. దొరికినా అరిగిపోయి ఉంటుంది. అదీగాక చిన్నప్పుడు విన్నది మళ్ళీ వింటే ఒక్కోసారి ఇంతేనా అనిపిస్తుంది. గుర్తున్నది గుర్తున్నట్టు ఉంచుకోవడమే మంచిదేమో. చెక్కపెట్టెకి చెవి ఆనించి వింటే ఉన్న చెవి కూడా పాడవుతుందేమో డాక్టర్ని అడుగు.

ఇంకొకటి. ఆ రోజు నేను ఆగానని రాశావు. అదంత గొప్ప విషయం కాదు. ఇంకెవరికీ చెప్పకు.

నీ జోడు ఫ్రేము లోపలివైపు ఒక నంబరుంటుంది, అది రాసి పంపితే కొత్తది చేసి పంపుతాను.

తమ్ముడు


జూలై 1

ఒరే నత్తా,

డాక్టర్ని అడిగాను. పోయే చెవికి జాగ్రత్తేమిటమ్మా, ఏం కావాలో అది వినండి అన్నాడు. ఇంక నీకు వంక లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కళ్ళజోళ్ళ గురించి ఒక పేజీ, రికార్డు గురించి నాలుగు ముక్కలు. నువ్వు నీళ్ళు నములుతున్నావని నాకు అర్థం కాదనుకున్నావా? ఎందుకో కూడా అర్థమైంది. అమ్మ కుట్టుమిషను నేను తెచ్చుకున్నానని మరదలికి ఇంకా మనసులో ఉంది. ఆ రోజు ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా కడిగింది, అంతే. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. ఆ మిషను మీద నేను దిండు గలీబులు తప్ప ఏమీ కుట్టలేదు. లారీలో వేయిస్తున్నాను. ఆమె ఆమెది తీసుకోనీ, నువ్వు నాది పంపు.

గుర్తున్నది చాలంటావు. నాకు గుర్తున్నది ఏమిటో ఒకసారి చెప్పనా?

టౌను హాలు. పాటల పోటీ. గెలిచినవాళ్ళకి సంగీతం స్కూల్లో సీటు. నెల రోజులు ఆ మూడో పాటే పాడాను. మూడో చరణంలో "వాన వెలిసిన వేళ నీ వాకిట నిలిచాను" అన్న తర్వాత రికార్డులో "టిక్" అని వచ్చేది. అది వాయిద్యమే అనుకున్నాం ఇంటిల్లిపాదీ. నాన్న కూడా సరిగ్గా అక్కడ కుర్చీ చెయ్యి మీద వేలితో కొట్టేవాడు. నేను స్టేజి మీద "నిలిచాను" అని, సోకుగా ఒక చిటికె వేసి, "తలుపు తీసిన నిన్ను చూసి తలను వంచాను" అని ఎత్తుకున్నాను. వెనక హార్మోనియం ఆయన వాయిస్తూ వాయిస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాడు. జడ్జి చెయ్యెత్తి ఆపి, చేతిలో పాటల పుస్తకం చూసి, మైకులో అన్నాడు. "'చెప్పవలసిన మాట ఒకటి మరచి వచ్చాను' అని ఇక్కడొక లైనుంది తల్లీ. నువ్వు నిజంగానే మరచి వచ్చావే."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు నాకిప్పటికీ రెండు చెవుల్లోనూ వినిపిస్తుంది.

ఇంటికొచ్చాక నాన్న రికార్డు తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాడు. గీత. ఎవరి పని అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ముల్లు పెడుతుంటే నా చెయ్యి జారి కర్రుమన్న చప్పుడు గుర్తొచ్చింది. నేనే నాన్నా అన్నాను. తిట్టలేదు. అట్టలో పెట్టి అల్మారా ఎక్కించాడు, మళ్ళీ దింపలేదు. మూడు నెలల తర్వాత నేను మిల్లులో చేరాను. వీధిలో అందరూ నన్ను చిటికె అన్నారు, నువ్వూ అన్నావు. కానీ ఆ రోజు తలుపు వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చావు చూడు. నాకోసం ఏడ్చినవాడివి కూడా నువ్వొక్కడివే.

ఇదిరా నాకు గుర్తున్నది. దీనితో సరిపెట్టుకోమంటావా? ఆ లైను విని, నవ్విన హాలుకి నా మనసులోనైనా ఒకసారి పూర్తిగా పాడి వినిపించాలని ఉంది. ఎడమ చెవి ఉండగానే.

ఫ్రేము నంబరు అరిగిపోయింది.

చిటికె


జూలై 12
(ఇది పోస్టు చెయ్యలేదు)

అక్కా,

దుకాణంలో కూర్చుని ఆర్డరు చీటీ వెనక రాస్తున్నాను. రికార్డు దొరికింది. పదో తేదీనే దొరికింది. బస్టాండు వెనక గొడుగులు బాగుచేసే ఆయన ఉన్నాడు, విరిగిన గొడుగుల వెనక పాత రికార్డులు పేర్చుకుంటాడు. నేను అడగనైనా అడగలేదు. పడవ అట్ట నా వైపు తిరిగి ఉంది, అంతే. భూతద్దం జేబులోనే ఉంటుంది కదా, అక్కడే నిలబడి మూడో పాట మొత్తం చూశాను. ఎక్కడా గీత లేదు. గొడుగాయన తన ప్లేయరు మీద వేశాడు. ఆ లైను వచ్చింది. నా జీవితంలో అది వినడం రెండోసారి.

రెండోసారి అని ఎందుకన్నానో నీకు చెప్పాలి. ఆ రోజు నేను ఆగలేదక్కా. నువ్వు రాకముందే


జూలై 13

అక్కకి నమస్కారాలు.

ఇంకా దొరకలేదు. చూస్తున్నాను. దయచేసి కుట్టుమిషను పంపకు, మీ మరదలికి ఆ ధ్యాసే లేదు.

కాస్త పని ఒత్తిడిగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

తమ్ముడు


ఆగస్టు 9

ఒరే నత్తా,

మిషను లారీ ఎక్కేసింది. చక్రానికి గుడ్డ చుట్టించాను, విప్పేటప్పుడు సూది జాగ్రత్త అని మరదలికి చెప్పు.

ఎడమ చెవి సంగతి రాస్తాను విను. నిన్న కుళాయి తిప్పి వదిలేసి ఇంకో గదిలోకి వెళ్ళాను, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. మిల్లు సైరను వినపడటం మానేసింది. మనుషుల మాటల్లో అక్షరాలు రాలిపోయి వస్తున్నాయి. మా పక్కింటావిడ "మీ కోడి గుడ్డు పెట్టిందా" అని అడిగిందనుకుని మాకు కోడి లేదన్నాను. ఆవిడ అడిగింది మా గోడకి సున్నం పెట్టించారా అని. నవ్వులాటగా రాస్తున్నాను గాని నాకు భయంగా ఉందిరా.

దొరక్కపోతే దొరకలేదని రాసెయ్యి. నేనేమీ అనుకోను. రేపు వస్తుందేమో, ఎల్లుండి వస్తుందేమో అని పోస్టువాడి సైకిలు కోసం కిటికీ దగ్గర కూర్చోవడం కష్టంగా ఉంది. వాడి గంట వినపడదు కదా, చూస్తూ కూర్చోవాలి.

నువ్వెందుకు తాత్సారం చేస్తున్నావో మళ్ళీ ఆలోచించాను. మరదలి పేరు అనవసరంగా ఎత్తాను, ఆమెతో నా తప్పని చెప్పు. నీ మనసు నాకు తెలుసు. ఆ పాట పూర్తిగా వింటే నాకు టౌను హాలు గుర్తొచ్చి కుమిలిపోతానని వెనకాడుతున్నావు. చిన్నప్పుడు నాకోసం ఆగావు, ఇప్పుడూ నాకోసమే ఆగుతున్నావు. కానీ ఇప్పుడు ఆగకురా.

నీకో వింత చెప్పాలి. మనవరాలికి స్కూల్లో "నాకు నచ్చిన మనిషి" అని వ్యాసం రాయమన్నారు. రాణుల గురించీ శాస్త్రవేత్తల గురించీ రాశారు మిగతా పిల్లలు. ఇది నీ గురించి రాసింది. నేను చెప్పినదంతా రాసింది, అల్మారా, రికార్డు, ఒక రోజంతా ఆగిన తమ్ముడు. టీచరు క్లాసులో చదివించి గోడకి అంటించిందట. ఇంటికొచ్చి నన్నో ప్రశ్న అడిగింది, రెండుసార్లు అడిగినా వినపడక పలక మీద రాయించుకున్నాను. "కొత్త రికార్డు కదా అమ్మమ్మా, ఎవరూ వినలేదు కదా, మూడో పాట బాగుంటుందని తాతయ్యకి ఎలా తెలిసింది?"

ఈ కాలం పిల్లలు చూడు, లాయర్లలా అడుగుతారు. అట్ట మీద చదివి ఉంటాడులే అన్నాను.

చిటికె


అక్టోబరు 5

అక్కా,

నీ ఆగస్టు ఉత్తరానికి ఇది జవాబు. మూడు రాసి చింపేశాను. ఇది చింపను, ఎందుకంటే పార్సిలు ముందే పోస్టు చేసి వచ్చి రాస్తున్నాను. నీ రికార్డు దానిలో ఉంది.

అట్ట మీద పాటల పేర్లు తప్ప ఏమీ లేవు. మనవరాలు అడిగింది సరైన ప్రశ్న. యాభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు.

నువ్వు ఇంటికి రావడానికి ముందురోజు మధ్యాహ్నం నాన్న తను పనిచేసే ప్రింటింగు ప్రెస్సులో ఉన్నాడు, అమ్మ క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి నీ దగ్గరికి వచ్చింది. నేను కుర్చీ మీద స్టూలు వేసి అల్మారా ఎక్కాను. మొదటి పాట విన్నాను, రెండోది విన్నాను. మూడో పాటలో మూడో చరణం దగ్గర ఆ లైను వచ్చింది. వెంటనే మళ్ళీ వినాలనిపించింది. ముల్లెత్తి ఒక పిసరు వెనక్కి పెట్టబోయాను. గేటు చప్పుడైంది. అమ్మ కాదు, ఎవరో పొరపాటున మన గేటు తీశారు. చెయ్యి అదిరింది, ముల్లు అడ్డంగా పోయింది. చొక్కా విప్పి దానితో తుడిచాను. గీత తుడిస్తే పోయేది కాదని అప్పటికి తెలియదు.

మర్నాడు నువ్వొచ్చావు. ముల్లు నువ్వే పెట్టక్కా అన్నాను. అది ప్రేమ కాదు. నీ చేతులు వణుకుతున్నాయని ఆసుపత్రిలో చూశాను. అందుకే పెట్టమన్నాను. మూడో పాట మీదే పెట్టమన్నాను, ఎప్పుడైనా బయటపడితే నీ మీదకి పోతుందని. పదేళ్ళవాడికి అంత బుద్ధి ఎక్కడిదని నువ్వంటావు. ఉంది. నువ్వు నన్ను వెనకేసుకు రాకు.

నువ్వు పోటీకి అదే పాట ఎంచుకున్నావు. నెల రోజులు ఇంట్లో ఆ చిటికె విన్నాను. నువ్వు చిటికె వేసిన ప్రతిసారీ ఆ లైను నా నాలుక చివరిదాకా వచ్చేది. పాడితే నీకెలా తెలుసని అడుగుతారు. మింగేశాను. టౌను హాల్లో నీకు ఎదురుగా రెండో వరసలో కూర్చున్నాను. నువ్వు చెయ్యెత్తి వేళ్ళు కలుపుతుంటే అప్పుడైనా అరవాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వానక్కా, పక్కవాళ్ళు చూస్తున్నారని.

తలుపు వెనక ఏడ్చింది కూడా నీకోసం కాదు. నాన్న నన్ను అడుగుతాడేమోనన్న భయంతో. నువ్వు "నేనే నాన్నా" అనగానే నా ఏడుపు ఆగిపోయింది.

ఆ సీటు వచ్చి ఉంటే నువ్వు మిల్లుకి వెళ్ళేదానివి కాదు. మిల్లుకి వెళ్ళకపోతే ఈ చెవులు ఇలా అయ్యేవి కావు. నీ పాట పోవడానికి నేనే కారణం, నీ చెవులు పోవడానికీ నేనే.

ఇంకా ఒకటుంది. ఇది రాయడానికి మరీ ముఖం చెల్లడం లేదు. రికార్డు జూలై పదో తేదీ నుంచి నా దగ్గరే ఉంది. దొరకలేదని రాశాను, దొరికిన మూడో రోజున. పంపితే ఆ లైను వింటావు, గీత లేని రికార్డు ఎలా ఉంటుందో వింటావు, ఆ రోజు మూడో పాటే ఎందుకు పెట్టమన్నానని ఎప్పుడో ఒకప్పుడు నీకు అనుమానం వస్తుంది అనుకున్నాను. బీరువా మీద పెట్టాను. కిందటి వారం మీ మరదలు అమ్మ మిషను మీద ఏదో కుడుతూ గుడ్డ కోసం బీరువా పైన వెతికింది. చేతికి ఇది తగిలింది. "ఇది వదినగారిది కదండీ, ఇంకా ఇక్కడెందుకుంది?" అంది. ఆమె కూర్చుని దానికో సంచి కుట్టింది. అదే సంచిలో పంపాను. కుట్టు వంకరగా ఉంటే ఆమెది కాదు తప్పు, నేను పక్కన నిలబడి ఉన్నాను.

ఎడమ చెవి ఇంకా ఉందని ఆశతో రాస్తున్నాను. ఆగస్టు తర్వాత నీ ఉత్తరం లేదు. నేను జవాబివ్వలేదని కోపం వచ్చి ఉంటుంది, అంతే అయి ఉంటుంది, కదా?

నన్నేమైనా అను. ఏదో ఒకటి రాయి.

తమ్ముడు


అక్టోబరు 27

తమ్ముడికి,

కోపం వచ్చి కాదు. సెప్టెంబరు 12న ఎడమ చెవి పోయింది. మధ్యాహ్నం మూడింటికి. నేను విన్న ఆఖరి చప్పుడు మనవరాలు పెన్సిలు చెక్కుతున్నది. ఆఖరిదని తెలిస్తే ఇంకాస్త శ్రద్ధగా వినేదాన్ని. నీకు రాయలేదు, నువ్వు బాధపడతావని. చూశావా, నేనెంత మంచిదాన్నో.

రికార్డు ఈ నెల 11న వచ్చింది, ఉత్తరం 13న. మధ్యలో రెండు రోజులు నాకేమీ తెలియదు. తమ్ముడు పంపాడు, పాపం ఎంత వెతికాడో అనుకుంటూ సంచిని నిమిరాను. కుట్టు తిన్నగానే ఉంది, మరదలితో చెప్పు.

పక్కింటి ప్లేయరు తెప్పించి అమ్మాయి మూడో పాట వేసింది. నేను చెక్కపెట్టె మీద రెండు చేతులూ పెట్టాను. గుంయ్ గుంయ్ మని అదురు తప్ప ఏమీ లేదు. అందుకని ముల్లునే చూస్తూ కూర్చున్నాను. మనవరాలు పలక పట్టుకుని పాటలో ఏ లైను వస్తుంటే ఆ లైను రాస్తోంది. "వాకిట నిలిచాను" అని రాసింది. నా చెయ్యి దానంతట అదే లేచి చిటికె వేసింది. ముల్లు ఎగరలేదురా. తిన్నగా, హాయిగా వెళ్ళిపోయింది. ఆ లైను నా కళ్ళ ముందు నుంచే పోయింది, వినపడకుండా. అప్పటికి నేను ఏడవలేదు. 13న ఏడ్చాను.

రెండు వారాలు ఆగి రాస్తున్నాను, నోటికొచ్చినట్టు రాయకూడదని. అయినా కొంత వస్తుంది, చదువు.

నా పాట పోవడానికి నువ్వే కారణమని రాశావు. అంతా నీ నెత్తిన వేసుకోకు. మరుసటి ఏడు మళ్ళీ పోటీ జరిగింది. నాన్న వెళ్ళమ్మా అన్నాడు, కొత్త పాట నేర్చుకోమన్నాడు. నేను వెళ్ళలేదు. జనం నవ్వుతారని భయపడ్డాను. ఆ పిరికితనం నాది, నీకివ్వను.

పదేళ్ళవాడి మీద నాకు కోపం లేదు. వాడు అల్మారా ఎక్కాడు, పాట విన్నాడు, గేటు చప్పుడుకి జడిసిపోయాడు. ఆ లైను మళ్ళీ వినాలనుకున్నాడు చూడు, వాడు నా తమ్ముడే అనిపించింది. నా కోపమంతా అరవై ఏళ్ళవాడి మీద. జూలై పదో తేదీకి నాకు ఇంకా చెవి ఉంది. జూలై అంతా ఉంది, ఆగస్టు అంతా ఉంది. నేను కిటికీ దగ్గర కూర్చుని పోస్టువాడి కోసం చూస్తుంటే అది నీ బీరువా మీద ఉంది. వెంట్రుకంత గీత ఉన్న అద్దం ఎవరికో ఇవ్వలేనివాడివి, నాకిది ఎలా చేశావురా? క్షమించానని రాద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. అది అబద్ధమవుతుంది, మనింట్లో ఉన్నవి చాలు.

ఇంకో సంగతి కూడా చెబుతాను. మిల్లులో పదహారు గంటలు నిలబడిన రోజుల్లో, మీ బావ పోయినప్పుడు, మనసు బాగోలేనప్పుడల్లా నేను ఒకటే తలుచుకునేదాన్ని. నాకోసం ఒక పిల్లాడు ఒక రోజంతా అల్మారా కింద కూర్చుని ఆగాడు అని. అదిప్పుడు లేదు. నువ్వు చెప్పకపోతే ఉండేది. చెప్పాల్సిందే, కాదనను. కానీ నా దగ్గర నుంచి అది పోయిందని నీకు తెలియాలి.

మనవరాలి వ్యాసం ఇంకా స్కూలు గోడ మీదే ఉంది. దాని ప్రశ్నకి జవాబు నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి, నీ నోటితో.

అందుకని బయల్దేరి రా. చలికాలం వరకు ఆగకు, దుకాణం మూసి రా. నాకు పెదవులు చూసి మాట పట్టుకోవడం కొంచెం కొంచెం వస్తోంది. నా ఎదురుగా కూర్చుని ఆ లైను నెమ్మదిగా పాడు. మాటలు పెదవుల మీద చూసుకుంటాను. రాగం కనపడదు కదా, అందుకని చెయ్యి చాపుతాను. ఎక్కడ పైకి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దిగుతుందో నా అరచేతి మీద వేలితో గీసి చూపించు. నాకు తెలిసినవాళ్ళలో ఆ లైను చెవితో విని యాభై ఏళ్ళు దాచుకున్నవాడివి నువ్వొక్కడివే. గీత పెట్టినవాడివి నువ్వే, ఇది కూడా నువ్వే గియ్యాలి. తర్వాత నిన్నేం చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తాను.

వచ్చి తలుపు కొడుతూ నిలబడకు, నాకు వినపడదు. గడియ పెట్టను. తోసుకుని రా.

అక్క